సముద్రుణ్ణి కదలవద్దన్న రోజు

జగత్తునకెల్ల తొలి ఛాయాగ్రాహకుడై, కొండకును గడ్డిపోచకును పక్షపాతము లేక నీడను ప్రసాదించు సూర్యనారాయణునకు ప్రణమిల్లి, వాక్కులకు అధిదేవత యగు తల్లిని మనసార తలంచి, ఏలూరు నగరమున, స్వస్తిశ్రీ విశ్వావసు నామ సంవత్సర కార్తిక శుద్ధ దశమి నాడు ఈ నాలుగు మాటలు వ్రాయ నారంభించుచున్నాను. (మా మనుమరాలు ఈ వాక్యం చదివి, "తాతగారూ, ఇది శుభలేఖా?" అని అడిగింది. కాదు. అయినా ఆరంభం శుభలేఖవలె ఉంటే ముగింపులోని లోపాలను చదువరులు మన్నిస్తారని నా ఆశ.)

ఆ రోజుల్లో ఫొటో అంటే మనిషి. మనిషి లేని ఫొటో ఉంటుందని ఎవరైనా చెబితే, పెళ్లికొడుకు లేని పెళ్లి ఉంటుందన్నంత వింతగా చూసేవాళ్లం. ఈ సంగతి ఇప్పుడెందుకు జ్ఞాపకం వచ్చిందంటే, మొన్నటి ఆదివారం మా మనుమరాలు కొల్లేటి గట్టున జరిగిన ప్రకృతి ఫొటోల వర్క్‌షాపుకు వెళ్లి, సాయంకాలానికి నాలుగు వందల ఫొటోలతో తిరిగివచ్చింది. నీరు, తుంగ, గూడబాతులు, మబ్బు, మళ్లీ నీరు. అన్నీ ఓపికగా చూసి, "బాగున్నాయమ్మా, మరి ఇందులో మనుషులేరీ?" అన్నాను. ఆ పిల్ల నన్ను చాలా జాలిగా చూసి, "మనుషులుండకూడదు తాతగారూ. అదే మొదటి పాఠం," అన్నది. ఆ మొదటి పాఠాన్ని నేను ఎప్పుడో సముద్రపుటొడ్డున, మూడు రోజుల పాటు, స్వయంగా ఒక ఆచార్యుని నోట విన్నానని, విని కూడా తప్పానని, ఆ తప్పు తాడేపల్లిగూడెంలో ఒక తరం పెళ్లి ఆల్బములన్నిటిలోను నమోదై ఉన్నదని ఆమెకు తెలియదు. ఎవరికీ తెలియదు. చెప్పవద్దని మా మేనమామ ఒట్టు పెట్టించుకొన్నాడు. ఆయన పోయి చాలా కాలమైనది గనుక ఒట్టు తీరినట్టే భావిస్తున్నాను.

మా మేనమామకు తాడేపల్లిగూడెంలో ఒక ఫొటో స్టూడియో ఉండేది. నేను ఆ ఊళ్లోనే హైస్కూలులో తెలుగు పండితుడుగా చేరి, ఆయన ఇంటిలోనే ఉంటూ, బడి విడిచిన తరువాత స్టూడియోలో కూర్చునేవాడిని. నా పని స్వల్పమే. వచ్చినవారి తలలు సరిచేయటం, చొక్కా గుండీలు చూడటం, చివరకు ఎడమచేయి పైకెత్తి, "కదలకండి!" అనటం. మామయ్య అదే క్షణంలో మీట నొక్కేవాడు. పగలు ఛందస్సు, సాయంకాలం "గడ్డం కాస్త ఎత్తండి" అన్నట్టుగా నా జీవితం సాగిపోతుండేది. మామయ్యకు వృత్తిలో రెండు నియమాలుండేవి. కొత్త ఫిలిం వేసినప్పుడు మొదటి ఫొటో దేవుడికి. స్టూడియో గోడ మీది వేంకటేశ్వరస్వామి పటాన్ని తీసి, కళ్లకద్దుకొని, అప్పుడు బోణీ. ఆ తరువాత ప్రతి ఫొటోలోను మనిషి ఉండి తీరాలి. "మనిషి లేకపోతే అది ఫొటో కాదురా, పాడుబడ్డ ఇల్లు," అనేవాడు.

ఇలా ఉండగా మా స్టూడియోకు ఆపద వచ్చింది. ఎదురుగా కొత్త స్టూడియో వెలసి, అందులో కాశ్మీరు మంచుకొండల తెర కట్టారు. తెర అంటే మనుషుల వెనుక వేలాడదీసే రంగులగుడ్డ. మా తెర మీద రాజభవనపు మెట్లుండేవి. అవి నేను పుట్టకముందు వ్రాయించినవి. రాజుగారి మెట్లను ఎలుకలు రెండు చోట్ల కొరికివేయగా, పెళ్లికూతుళ్లను ఆ చిల్లులకు అడ్డంగా నిలబెట్టవలసి వచ్చేది. మార్గశిరం వచ్చేసరికి కొత్త జంటలన్నీ రోడ్డు దాటి కాశ్మీరం వెళ్లిపోసాగాయి. మా మేనమామ ఒకనాడు వీధి మధ్య నిలబడి, నలుగురూ వింటుండగా, "మంచుదేముందండీ, కరిగిపోతుంది. మాఘమాసం ముహూర్తాలకి మా స్టూడియోకి సముద్రమే వచ్చేస్తోంది, చూస్తుండండి!" అని ప్రకటించాడు. లోపలికి వచ్చి నాతో, "ఏరా, సముద్రం ఎలా ఉంటుందిరా?" అని అడిగాడు.

ఆయన ఎన్నడూ సముద్రం చూడలేదు. నేనూ చూడలేదు. మాది కొల్లేటి ఒడ్డు పల్లె. మా ఉప్పుటేరు పట్టుకొని పోతే సముద్రమేనని పెద్దలు చెప్పేవారు గాని, పోయినవారెవరూ లేరు. అయితే నాకు సముద్రం కంఠస్థం. ప్రబంధములలో ఉండవలసిన పదునెనిమిది వర్ణనలలో సముద్రము ఒకటి గదా. తరంగములు, ఫేనములు, తిమితిమింగిలములు, బడబాగ్ని, అన్నీ గుక్క తిప్పుకోకుండా వర్ణించాను. మామయ్య శ్రద్ధగా విని, "అదంతా సరేరా, నిప్పు కూడా ఉంటే సాయిబు గారు ఏ రంగు వెయ్యాలి?" అన్నాడు. సాయిబు గారంటే ఏలూరులో నాటకాల తెరలు వ్రాసే వృద్ధుడు. ఆయనదీ ఒక నియమమే. ఎదుట నమూనా లేనిదే కుంచె ముట్టడు. నమూనాలో ఉన్నది వదలడు, లేనిది కలపడు. కనుక ఎవరో ఒకరు వెళ్లి, సముద్రాన్ని ఫొటో తీసి తేవాలి.

దైవికంగా ఆ వారమే విశాఖపట్నం నుంచి ఒక కార్డు వచ్చింది. భీమిలి దాపున రాళ్ల ఒడ్డున మూడు రోజుల ప్రకృతి ఛాయాచిత్ర శిక్షణ శిబిరం, స్టూడియోలవారు కూడా రావచ్చునని దాని సారాంశం. క్రిస్మస్ సెలవులు గనుక నేను ఖాళీ. మామయ్య తన జంట కళ్ల కెమెరాను (పైనుంచి తల వంచి చూసే పెట్టె అది) నా మెడలో వేసి, ఒకే ఒక ఫిలిం చేతిలో పెట్టాడు. "పన్నెండు ఫొటోలు వస్తాయి. మొదటిది స్వామికి. సూర్యుణ్ణి ఎప్పుడూ వీపు మీద పెట్టుకో. ఒక్క సముద్రం తీసుకురా చాలు. రాకపోతే నేను వీధిలోకి వెళ్లలేనురా," అన్నాడు. చివరి మాట నవ్వుతూనే అన్నాడు గాని, అత్తయ్య మాత్రం నవ్వలేదు. పులిహోర పొట్లం ఇస్తూ, "మీ మావయ్య నాలుగు రోజుల బట్టి సరిగ్గా అన్నం తినట్లేదు నాన్నా, మంచి సముద్రం చూసి తియ్యి," అన్నది, కూరగాయల బజారుకు పంపుతున్నట్టుగా.

సముద్రాన్ని మొదటిసారి చూసినప్పుడు నాకు కంఠస్థమైన పద్యాలలో ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆ చప్పుడులో ఛందస్సు కూడా వినిపించలేదు. పెద్దవారి ఎదుట నిలబడినట్టు చెప్పులు విడిచి నిలబడ్డాను. రాళ్లు మొసళ్ల గుంపువలె నల్లగా నీళ్లలోకి పాకి ఉన్నాయి. అల వచ్చి వాటిని కొట్టి, తెల్లగా విరిగి, మళ్లీ ఏమీ ఎరుగనట్టు వెనక్కి పోతోంది. మా కొల్లేరు ఇలా ఎవరినీ కొట్టదు.

శిబిరంలో మేము ఏడుగురం. మాకు ఆచార్యుడు ఒక పొడవాటి పెద్దమనిషి. ఆయన తల మీద టోపీ గాలికి కూడా కదిలేది కాదు గనుక టోపీ మాష్టారు అనుకునేవాళ్లం. ఆయన మొదటి మాటే నాకు శరాఘాతమైంది. "మీకు ఇక్కడ ఒకే నియమం. దృశ్యంలో మనిషి ఉండకూడదు. చివరికి తీసేవాడు కూడా లేనట్టే ఉండాలి." అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఊపి, సంచిలోంచి వేంకటేశ్వరస్వామి చిన్న పటం తీసి, రాతికి ఆనించి, బోణీ చేయబోయాను. మాష్టారు, "అదేమిటండీ?" అన్నారు. "మొదటిది స్వామికండి. మావయ్య ఆజ్ఞ." ఆయన దీర్ఘంగా నిశ్శ్వసించి, "ఆయన మనిషి కాదు గనుక అభ్యంతరం లేదు," అన్నారు. మీట నొక్కిన మరుక్షణమే ఒక అల వచ్చి స్వామిని ఎత్తుకుపోబోగా, నా పక్కనున్న కాకినాడ దంతవైద్యుడు పంట్లాము తడుపుకొని పట్టి తెచ్చాడు. ఆ విధంగా మా స్నేహం ఆరంభమైంది.

మిగిలినవి పదకొండు. ఏం చెప్పమంటారు? ఎంత చక్కని రాయి కనబడినా, కెమెరా పెట్టెలోకి తల వంచి చూడగానే ఆ చోటు ఖాళీగా, ఎవరో రావలసిన వారు రాకుండా ఉన్నట్టు నా చేతికి తోచేది. చేయి ఊరుకోదు. "ఏవండీ, కాస్త ఆ రాతి దగ్గర నిలబడతారా?" అని నోరు తనంతట తానే అనేసేది. మొదట దంతవైద్యుణ్ణి నిలబెట్టాను. తరువాత కొబ్బరిబొండాల వాణ్ణి, వలలు బాగుచేసుకునే ఇద్దరు అన్నదమ్ములను, సైకిలు మీద పోతున్న పోస్టుమాన్‌ను. (పోస్టుమాన్ స్వయంగా సైకిలు దిగి, టోపీ సర్దుకొని, చిరునామా కూడా ఇచ్చి, కాపీ పంపమన్నాడు.) రెండో రోజు చేపల తట్టతో వెళ్తున్న ఒక ముసలమ్మను ఆపి, గడ్డం కాస్త ఎత్తమన్నాను. ఆవిడ తట్ట దించకుండానే, "ఏటి బావూ, నానేటి పెళ్లికూతుర్నా, నిలబెట్టేసి తీత్తన్నావు? బేగి కానీ, ఎండకి సేపలు పాడైపోతాయి," అన్నది. అయినా నిలబడింది. నవ్వింది కూడా. ఆ నవ్వును వదలటం వృత్తిధర్మం కాదనిపించింది.

మూడో రోజు సాయంకాలం టోపీ మాష్టారు నా వద్దకు వచ్చి, "ఎన్ని మిగిలాయి పంతులుగారూ?" అన్నారు.

"ఒకటండి."

"ఇప్పటిదాకా ఎన్ని సముద్రాలు తీశారు?"

నేను కెమెరా మూత తెరిచి, మళ్లీ మూశాను. ఆయన కోపగించుకోలేదు. ఆ రోజుల మర్యాద అలా ఉండేది. నన్ను చేయి పట్టుకొని ఒక ఎత్తయిన బండ మీదికి తీసుకొనిపోయి, "ఇక్కడ నిలబడండి. ఎవరినీ పిలవకండి. ఆ ముందు రాతి మీద అల పెద్దదిగా లేచేదాకా ఆగండి. లేచినప్పుడు నొక్కండి," అని చెప్పి, దూరంగా వెళ్లి నిలబడ్డారు. నాకు మామయ్య వీధి మధ్య నిలబడి ప్రకటన చేస్తున్నట్టు, అత్తయ్య అన్నం వడ్డించుకొని కూర్చున్నట్టు కనబడ్డారు. సూర్యుడు పడమటి కొండల మీదికి దిగుతున్నాడు. ఆజ్ఞ ప్రకారం ఆయనను వీపున పెట్టుకొన్నాను. తల వంచి పెట్టెలోకి చూశాను. రాయి, నీరు, ఆకాశం. ఒక్క మనిషి లేడు. బాగా కుదిరింది. ఒక అల పోయింది, చిన్నది. మరొకటి పోయింది. మూడవది దూరం నుంచే కొండవలె లేస్తూ వచ్చింది. రాతిని తాకింది. తెల్లగా ఆకాశానికి ఎగసింది. నేను ఆ క్షణాన, మూడు సంవత్సరాల అభ్యాసము చొప్పున, నిటారుగా లేచి, ఎడమచేయి పైకెత్తి, ఒడ్డంతా వినబడేటట్టు, "కదలకండి!" అని కేక వేసి, మీట నొక్కాను.

సముద్రుడు కదిలాడు. అది వేరే చెప్పనక్కరలేదు. కాని ఒడ్డున ఉన్న ఆరుగురు శిష్యులు, వలల అన్నదమ్ములు, ఒక కుక్క, అందరూ బొమ్మల వలె నిలిచిపోయారు. మొదట తేరుకొన్నవాడు దంతవైద్యుడు. "ఏవండీ పంతులుగారూ, నోట్లో పట్టుకారు పెట్టినా నా పేషెంట్లే నా మాట వినరు. ఆయన వింటారంటారా?" అన్నాడు. ఇక నవ్వులే నవ్వులు. టోపీ మాష్టారి టోపీ కదలటం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆయన కళ్లు తుడుచుకొంటూ, "కనీసం అండీ అన్నారు, సంతోషం," అన్నారు. (మా గోదావరి వైపు వయసులో పెద్దవారిని ఏకవచనంలో పిలిచే ఆచారం లేదు. సముద్రుడు పెద్దవాడే గదా.)

తాడేపల్లిగూడెం చేరగానే మామయ్య ఫిలిం లాక్కొని చీకటిగదిలోకి దూరాడు. నేను తలుపు బయట నిలబడ్డాను. లోపలి నుంచి మాటలు వినవస్తున్నాయి. "స్వామివారు... బాగున్నారు. ఇదెవడ్రా? ఈ బొండాలవాడెవడు? ఈ ముసలావిడెవరు, మన చుట్టాలా?" కొంతసేపటికి తడి ఫిలిం పట్టుకొని బయటికి వచ్చి, "ఏరా, సముద్రం తెమ్మని పంపితే జనాభా లెక్కలు తెచ్చావా?" అన్నాడు. నేను తలవంచుకొని, "పన్నెండోది చూడండి మావయ్యా," అన్నాను. వెలుతురుకు పట్టి చూశాడు. రాయి ఉంది. అల ఉంది, ఆకాశమంత ఎత్తున, నిజంగా ఆగినట్టు. దాని ముందు, తెల్లని నురుగుకు ఈవలి బండ మీద, నిలువెత్తున ఒక నీడ ఉంది. ఎడమచేయి పైకెత్తిన మనిషి నీడ. తల వంచి చూసినంతసేపు పొట్టిదై కనబడకుండా ఉన్నది, నేను లేచి నిలబడగానే వెనుకనున్న సూర్యుడు దానిని సాగదీసి, ఉన్న ఒక్క సముద్రంలోను పడవేశాడు.

మామయ్య ఫిలింను ఆరటానికి తీగకు తగిలించాడు. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. మాఘమాసం పన్నెండు రోజులలోకి వచ్చింది. మళ్లీ వెళ్లే వ్యవధి లేదు. చివరకు, "సాయిబు గారికి చెప్దాం, నీడ వదిలేసి వ్రాయమని," అన్నాడు. పెద్దదిగా ప్రింటు వేసి, ఒక చీటీ జతచేసి, ఏలూరు వెళ్లే ఎరిగున్న వాని చేత పంపించాడు. ఫొటో చేరింది. చీటీ దారిలో ఎక్కడ ఎగిరిపోయినదో నేటికీ తెలియదు.

ముహూర్తం రేపనగా సాయిబు గారు స్వయంగా తెర చుట్ట భుజాన వేసుకొని రైలు దిగి వచ్చారు. స్టూడియో గోడకు కట్టి, తాడు వదిలారు. తెర జరజరా దిగింది. సముద్రం దిగింది. అలాంటి నీలం నేను నిజమైన సముద్రంలో కూడా చూడలేదు. ఆ నీలం మధ్య, మనిషి ప్రమాణానికి రెట్టింపుగా, చేయి ఎత్తి, నీడ నిలబడి ఉంది.

"సాయిబు గారూ, ఇదేమిటండీ!" అన్నాడు మామయ్య, కుర్చీ పట్టుకొని.

"ఫొటోలో ఉందండి."

"ఉంటే మాత్రం తీసెయ్యకూడదటండీ?"

"ఉన్నది తీసెయ్యటానికి నేనెవరినండీ?" అన్నారు సాయిబు గారు శాంతంగా. "అయినా ఎవరో పెద్దాయన దీవిస్తున్నట్టుంది. శుభమే కదా అని, చెయ్యి మాత్రం కాస్త పెద్దది చేశానండి. జీవితంలో నమూనాకి ఎక్కువ చేసింది ఇదొక్కటే."

మరునాడు ఉదయం మొదటి జంట అత్తిలి నుంచి వచ్చారు. పెళ్లికూతురి నాయనమ్మ లోపలికి వచ్చి, తెర చూసి, ఆగిపోయింది. ఎదుటి కాశ్మీరం వారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. నేను మామయ్య ముఖం చూడలేక పెళ్లికొడుకు తలపాగా సర్దసాగాను.

"ఏవండీ, ఆ వెనకాల చెయ్యెత్తిందెవరండీ?" అని అడిగింది ఆవిడ.

మామయ్య గొంతు సవరించుకొన్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. తరువాత చాలా వినయంగా, "సముద్రుడండీ," అన్నాడు.

ఆవిడ రెండు చేతులూ జోడించి, "అలాగా నాయనా! అయితే పిల్లల్నిద్దర్నీ సరిగ్గా ఆ చేతి కిందకి జరపండి," అన్నది.

జరిపాను. ఎడమచేయి పైకెత్తాను. "కదలకండి" అన్నాను. నా ముందు వధూవరులు, వారి వెనుక నేను, వారి ముందూ నేనే. మామయ్య మీట నొక్కాడు. ఆనాడు మధ్యాహ్నం ఆయన మూడు సార్లు అన్నం కలుపుకొన్నాడని అత్తయ్య చెప్పింది.

ఆ మాఘమంతా, ఆ తరువాత ఎన్నో మాఘాలు, జంటలు రోడ్డు దాటి మా వైపే వచ్చాయి. "ఆ చేతి కింద ఫొటో" అని అడిగేవారు. చింతలపూడి నుంచి, జంగారెడ్డిగూడెం నుంచి బస్సులు దిగి వచ్చేవారు. చర్చి వీధి నుంచి వచ్చిన ఒక కొత్త జంటకు, వెంట వచ్చిన వారి చర్చి పెద్దయ్యగారు తెర చూపించి, "ఇది ప్రభువండీ, పొంగుతున్న సముద్రాన్ని నెమ్మదించమని ఆజ్ఞాపిస్తున్నారు," అని చెప్పారు. అన్ని వ్యాఖ్యానాలలోను యథార్థానికి దగ్గరగా వచ్చినది అదొక్కటే గాని, ఆజ్ఞాపించినవాడు పక్కనే నిలబడి పెళ్లికూతురి ముసుగు సర్దుతున్నాడని ఆయనతో అనలేకపోయాను. మామయ్య ఆ రోజునే నా చేత ఒట్టు వేయించాడు. "నీ నీడేనని తెలిస్తే ఇన్ని కాపురాలు ఏమనుకుంటాయిరా?" అన్నాడు. నా వివాహమైనప్పుడు నేనూ అక్కడే, నా చేతి కిందనే నిలబడ్డాను. పదహారు రోజుల పండుగ అయ్యాక మా ఆవిడకు మాత్రం నిజం చెప్పాను. (ఒట్టులో భార్య ప్రసక్తి లేదు.) ఆమె ఆలోచించి, "అయితే మిమ్మల్ని మీరే దీవించుకొన్నారన్నమాట. నాకు మిగిల్చారా ఏమైనా?" అన్నది.

టోపీ మాష్టారు చెప్పిన పాఠం నేటికీ నా చెవిలో ఉంది. దృశ్యంలో తీసేవాడు కూడా ఉండకూడదు. ఇప్పుడు తల వంచకుండానే వంగి ఉండే వయసు వచ్చి, ఆనాడు ఒక్క క్షణం లేచి నిలబడకపోతే ఆ సముద్రం ఎంత శుద్ధంగా వచ్చి ఉండేదో అని ఎప్పుడైనా అనుకొంటాను. అంత శుద్ధమైన సముద్రాన్ని అత్తిలి నాయనమ్మ ఏమి చేసుకొనేదో మాత్రం ఊహకు అందదు.

ఇంతవరకు వ్రాసి మనుమరాలికి చదివి వినిపించగా, ఆ తెర ఇప్పుడెక్కడుందని అడిగింది. కార్తిక బహుళ పంచమి నాడు మధ్యాహ్నం ఇద్దరం తాడేపల్లిగూడెం వెళ్లాం. మా మేనమామ కొడుకు అటక మీది నుంచి చుట్ట దింపి, డాబా గోడకు వేలాడదీశాడు. నీలం చాలావరకు వెలిసిపోయింది. చేయి ఉంది. మనుమరాలు నన్ను దాని ముందు నిలబెట్టి, సూర్యుణ్ణి తన వీపున పెట్టుకొని, ఎడమచేయి పైకెత్తి, "కదలకండి తాతగారూ," అన్నది. నేను కదలలేదు.